సర్వీసు రికార్డులో తప్పు, చేతికి రాని పతకం: మాజీ సైనికులు సరిచేయించుకునే దారి

పెళ్లి సెలవు ముగించుకుని ఒక జవాను యూనిట్‌కు తిరిగి వచ్చాడు. పెళ్లి నమోదు చేయించుకోవడానికి ఆఫీసులో గుమాస్తా ముందు నిలబడ్డాడు. భార్య పేరు అడిగితే లక్ష్మి అన్నాడు. పుట్టిన తేదీ అడిగితే తల గోక్కుని, “ఇరవై ఉంటాయి సార్” అన్నాడు. గుమాస్తా వేళ్ల మీద లెక్క వేసి, ఆ సంవత్సరం జులై 1 అని రాసి, మరుసటి కాగితం అందుకున్నాడు. ఆ గుమాస్తాను నేనే. ధ్రువపత్రం తెమ్మని గట్టిగా అడిగే అలవాటు అప్పట్లో మా దగ్గర లేదు. ఆ అమ్మాయి పూర్తి పేరు వెంకట లక్ష్మీకాంతం అని, పుట్టింది మార్గశిర మాసంలో అని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. అప్పటికి ఆ జవాను హవల్దారుగా రిటైరయ్యాడు. ఆయన పింఛను కాగితంలో ఒక లక్ష్మి ఉంది, ఆధార్‌లో ఇంకో లక్ష్మి ఉంది.

ఇప్పుడు నేనూ రిటైరై, మా ఊళ్లో మాజీ సైనికుల కాగితాలు చూసిపెడుతున్నాను. పదింట ఏడెనిమిది ఇలాంటివే. మిగిలినవి ఎక్కువగా పతకాల గురించి. ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఆర్మీ జవాన్లు, ఎన్‌సీవోలు (నాయక్, హవల్దారు వంటివారు), జేసీవోల (సుబేదారు వంటివారు) గురించి. నౌకాదళం, వాయుసేన వారికి ఆఫీసు మారుతుంది కానీ పద్ధతి దాదాపు ఇదే.

తప్పు ఎక్కడ పుట్టింది?

చాలామంది కనిపించిన తప్పు వెంటపడతారు. బ్యాంకులో పేరు తేడా ఉందంటే బ్యాంకుకు, స్పర్శ్‌లో (రక్షణ పింఛన్ల ఆన్‌లైన్ వ్యవస్థ) తేడా ఉందంటే స్పర్శ్‌కు పరుగెత్తుతారు. అక్కడ సరిచేయించుకున్నా పైనున్న కాగితంలో తప్పు అలాగే ఉంటే అది మళ్లీ కిందికి దిగుతుంది. మీ వివరాలు ఒక వరుసలో ప్రయాణం చేశాయి: భర్తీ నాటి ఎన్‌రోల్‌మెంట్ ఫారం, దాని నుంచి షీట్ రోల్ (మీ సర్వీసు వివరాలన్నీ ఉండే పత్రం), పెళ్లి, పిల్లలు, ప్రమోషను వంటి మార్పులను నమోదు చేస్తూ వెలువరించే పార్ట్ టూ ఆర్డర్లు, ఆ తరువాత డిశ్చార్జి బుక్, పీపీవో (పింఛను మంజూరు పత్రం), చివరికి స్పర్శ్. తప్పు ఏ మెట్టు మీద మొదలైందో ఆ మెట్టు దగ్గరే సరిచేయాలి.

అందుకని ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఎడమ పక్కన మీ పేరు, పుట్టిన తేదీ, భర్తీ తేదీ, డిశ్చార్జి తేదీ, ర్యాంకు, భార్య పేరు, ఆమె పుట్టిన తేదీ, పిల్లల పేర్లు, పతకాలు అని రాసుకోండి. పైన డిశ్చార్జి బుక్, పీపీవో, స్పర్శ్, ఆధార్, పాన్, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు అని గడులు గీయండి. ప్రతి గడిలోనూ ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు అక్షరం అక్షరం దించండి. “సరిగానే ఉంది” అని రాసి వదిలేయకండి. ఇంగ్లీషులో ఒక హెచ్ తక్కువైనా కంప్యూటరుకు అది ఇంకో మనిషి.

గడులు నిండాక మీ సమస్య ఈ మూడింటిలో ఏదో తేలిపోతుంది.

డిశ్చార్జి బుక్‌లో సరిగ్గా ఉండి పీపీవోలో గానీ స్పర్శ్‌లో గానీ తప్పు పడి ఉంటే మీ అదృష్టం. రుజువు వాళ్ల దగ్గరే ఉంది. కొత్త ధ్రువపత్రాల కోసం తిరగకండి, ఉన్న కాగితాన్ని చూపించి దిద్దమనండి.

సైన్యం కాగితాలన్నీ ఒకే మాట చెబుతూ, ఆధార్ ఒక్కటే వేరుగా ఉంటే ఆధార్‌నే మార్చండి. దీన్ని నొక్కి చెబుతున్నాను. ముప్పై ఏళ్ల సైనిక రికార్డును కదిలించడం కంటే ఆధార్ దిద్దించుకోవడం ఎంతో తేలిక. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు కాబట్టి కేంద్రంలో కూర్చున్న కుర్రవాడు టైపు చేసింది తెర మీద చదివాకే సరే అనండి.

మూడోది, తప్పు షీట్ రోల్‌లోనో పార్ట్ టూ ఆర్డర్‌లోనో ఉండటం. దీనికే అసలు పని ఉంది.

మీ రికార్డు నకలు తెప్పించుకోండి

షీట్ రోల్‌లో ఏముందో తెలియకుండా దరఖాస్తు పెట్టడం చీకట్లో రాయి వేయడమే. మీ రికార్డు ఉండేది మీ రెజిమెంటు లేదా కోర్ రికార్డు ఆఫీసులో. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల కోర్), ఆర్డ్‌నెన్స్ కోర్ వారికి అది సికింద్రాబాదులోనే ఉంది. మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌కు బెంగళూరు, మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్. ఆర్మీలో రిటైరయ్యాక డీఎస్‌సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) చేరి రెండో సర్వీసు చేసినవారికి ఇంకో చిక్కుంది. వారి రెండో రికార్డు కన్నూరులో ఉంటుంది. ఒకచోట దిద్దించుకుని రెండోది మరిచిపోయినవారిని నేను చాలామందిని చూశాను.

ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు రాసి, షీట్ రోల్ నకలు, ఫలానా పార్ట్ టూ ఆర్డర్ నకలు కావాలని మామూలు ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, నకలుకు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు, ఆ తరువాత కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు ఉన్నాయి. ఆర్టీఐ దరఖాస్తు తెలుగులో రాసినా చట్టం ఒప్పుకుంటుంది. అయినా మీ కాగితం చదివేవాడు జబల్‌పూర్‌లో కూర్చున్నాడని గుర్తుంచుకుని ఇంగ్లీషులోనో హిందీలోనో రాయించుకోవడం మేలు.

“నా వివరాలన్నీ ఇవ్వండి” అని అడగవద్దు. ఏ కాగితం, ఏ సంవత్సరానిది అని విడివిడిగా అడిగితేనే సరైన జవాబు వస్తుంది. ఇంకో సంగతి. పింఛను లేకుండా బయటికి వచ్చినవారి సర్వీసు కాగితాలను 25 ఏళ్లు దాటాక ధ్వంసం చేస్తారు. అలాంటివారి దగ్గర డిశ్చార్జి బుక్ ఉంటే దాన్ని బంగారంలా దాచుకోవాలి. మాసిపోతున్న పేజీలను ఇవాళే ఫొటో తీయించండి.

ఇంటిపేరు ఎటు పోయింది?

మన పేర్లకు సైన్యం కాగితాల్లో జరిగే అన్యాయం గురించి కాస్త చెప్పుకోవాలి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఉత్తరాది గుమాస్తాకు అది చివర ఉండాలి. కాబట్టి బొడ్డు అప్పారావు అనే మనిషి ఒక కాగితంలో బి. అప్పారావు, ఇంకో కాగితంలో అప్పా రావు, మూడోదానిలో ఉత్త రావు అవుతాడు. ఇంగ్లీషులో అప్పా పక్కన ఖాళీ వదిలి రావు రాస్తే రావు ఇంటిపేరైపోతుంది. ఆడవారి సంగతి ఇంకా ఘోరం. పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు, బడిలో రాసిన పేరు, అత్తవారింట్లో పిలిచే పేరు కలిసి నాలుగైనా అవుతాయి. అమ్మ, దేవి, కుమారి అనే తోకలు ఉన్నా లేకపోయినా మన చెవికి ఒకటే. పింఛను ఇచ్చేవాడికి కాదు.

ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండటం, స్పెల్లింగు తేడా, తోక తేడా వంటివి చిన్న మార్పులు. రెండు పేర్లూ ఒకే మనిషివని చెప్పే అఫిడవిట్, ఆధార్, పాన్ సాధారణంగా సరిపోతాయి. లక్ష్మి అనేది వెంకట లక్ష్మీకాంతం కావడం పెద్ద మార్పు కిందికి వస్తుంది. దీనికి ప్రథమ శ్రేణి జుడీషియల్ మేజిస్ట్రేటు ముందు చేసిన అఫిడవిట్, రెండు పత్రికల్లో ప్రకటన అడగడం పరిపాటి. ఆ పత్రికల్లో ఒకటి ఇంగ్లీషుది, ఒకటి తెలుగుది. మీ సొంత పేరే మారుతుంటే గెజిట్ ప్రకటన కూడా అడగవచ్చు. ప్రతి రికార్డు ఆఫీసుకూ తనదైన జాబితా ఉంటుంది. నోటరీ దగ్గరికి, పత్రికా కార్యాలయానికి డబ్బు తగలేసే ముందే ఆ జాబితా తెప్పించుకోండి. అఫిడవిట్ నమూనా కూడా వాళ్లే పంపుతారు. అందులోని మాటలను కోర్టు దగ్గరి టైపిస్టు తన ఇష్టం వచ్చినట్టు మార్చకుండా చూడండి.

భార్య పుట్టిన తేదీని చాలామంది పట్టించుకోరు. పీపీవోలో అది ఖాళీగానో, ఊహించి రాసినదిగానో ఉంటుంది. కుటుంబ పింఛను తీసుకునే ఆమెకు 80 ఏళ్లు నిండితే అదనంగా 20 శాతం, 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లు నిండితే నూరు శాతం వస్తుంది. తేదీయే లేకపోతే ఆ 80 ఏళ్లు ఎప్పుడు నిండాయని లెక్క కడతారు? నేను రాసిన జులై 1 ఆ ఇల్లాలికి కొన్ని నెలలు కలిపిందో, తీసేసిందో కానీ, ఖాళీగా వదిలేసి ఉంటే మొత్తం పోయేది. బడి సర్టిఫికెట్ ఉంటే అదే అన్నిటికంటే బలమైన రుజువు. చదువుకోని వారికి ఆధార్, పాన్, ఓటరు కార్డు మూడూ ఒకే తేదీ చెప్పేలా ముందే చూసుకోండి.

భర్త బతికి ఉండగా ఈ పని పది సంతకాలతో అయిపోతుంది. తరువాత ఆమె ఒక్కతే, పరాయి భాషలో, “నేనే ఆయన భార్యను” అని రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

దరఖాస్తు ఎలా ఉండాలి

ఒక పేజీ దాటకూడదు. సర్వీసులో పడ్డ కష్టాలు, అప్పటి సీవో (కమాండింగ్ ఆఫీసర్) మంచితనం ఇందులో అక్కర్లేదు. అసలు భాగం ఇలా ఉంటే చాలు:

“నా డిశ్చార్జి బుక్‌లోనూ పీపీవోలోనూ నా భార్య పేరు లక్ష్మి అని ఉంది. ఆమె సరైన పేరు వెంకట లక్ష్మీకాంతం. ఫలానా సంవత్సరంలో మా యూనిట్ వెలువరించిన పార్ట్ టూ ఆర్డర్‌లో పేరు పొట్టిగా నమోదైంది. ఇద్దరూ ఒక్కరే. రుజువులు జతపరిచాను. మార్పు నమోదు చేసి పార్ట్ టూ ఆర్డర్ వెలువరించి, పీపీవో సవరణకు పంపవలసిందిగా కోరుతున్నాను.”

చివరి వాక్యం ముఖ్యం. రికార్డు మార్చడం ఒక పని, పీపీవో సవరణకు పంపడం ఇంకో పని. మొదటిది మాత్రమే అడిగితే రెండోది ఆగిపోతుంది. సవరణ పీపీవోను కొరిజెండమ్ అంటారు. ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల కార్యాలయం నుంచి అది రావాలి.

డిశ్చార్జి బుక్, పీపీవో, ఆధార్, పాన్ నకళ్లు, అఫిడవిట్, పత్రికా ప్రకటన మూలప్రతులు, భార్యాభర్తల జంట ఫొటో జతచేయండి. ప్రతి పేజీ మీదా ఆర్మీ నంబరు రాయండి. గుట్టలోంచి ఒక కాగితం ఊడిపోతే దాన్ని మీ ఫైలుకు తిరిగి చేర్చేది ఆ నంబరే. ఈ మొత్తాన్ని నేరుగా పంపకుండా జిల్లా సైనిక సంక్షేమ అధికారి సంతకంతో పంపండి. ఆ ముద్ర ఉన్న కాగితాన్ని రికార్డు ఆఫీసు అనుమానంగా చూడదు. పైగా ఎన్ని కాగితాలు తక్కువయ్యాయో ఆ జిల్లా కార్యాలయం గుమాస్తాలు చూడగానే చెప్పేస్తారు. పోస్టులో అయితే స్పీడ్ పోస్టులోనే పంపి రసీదు దాచండి.

స్పర్శ్‌లో ఫోను నంబరు, చిరునామా వంటివి మీరే మార్చుకోవచ్చు. పేరు, తేదీ, కుటుంబ వివరాలు మాత్రం రికార్డు ఆఫీసు పరిశీలన దాటాలి. కాబట్టి స్పర్శ్‌లో వినతి పెట్టడం, రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయడం రెండూ చేయండి.

పతకాలు

“నాకు రావాల్సిన మెడల్ రాలేదు” అని వచ్చిన ప్రతివారినీ నేను అడిగే మొదటి ప్రశ్న: డిశ్చార్జి బుక్‌లో పతకాల పేజీలో దాని పేరు ఉందా?

ఉంటే, మీ అర్హత నమోదైంది, లోహం మాత్రమే చేతికి రాలేదు. ఇది చాలా మామూలు సంగతి. అవసరానికి సరిపడా పతకాలు తయారుకాని కాలం చాలా నడిచింది. రిబ్బను తగిలించుకుని, బజారులో కొన్న నకలు పతకంతో కవాతు చేసినవారు ఎందరో. రికార్డు ఆఫీసుకు ఆ పేజీ నకలు జతచేసి, ఫలానా పతకం ఇంతవరకు అందలేదని రాయండి. అందాక పతకం అంచు చూడండి. మీ నంబరు, ర్యాంకు, పేరు అక్కడ సన్నటి అక్షరాల్లో కొట్టి ఉంటాయి. బజారు పతకం అంచు నున్నగా ఉంటుంది. ముద్దుగా ఉన్నా అది మీది కాదు.

పేరే లేకపోతే, అర్హత రుజువు చేయాలి. దీనికి మీ సర్వీసు తేదీల పక్కన పతకాలను పెట్టి చూసుకోండి. కొన్ని కేవలం తేదీ మీద ఆధారపడతాయి. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవారికి స్వాతంత్ర్య 25వ వార్షికోత్సవ పతకం, 1997 ఆగస్టు 15న ఉన్నవారికి 50వ వార్షికోత్సవ పతకం. కొన్ని సర్వీసు కాలం మీద, నడవడిక మీద: 9 ఏళ్ల, 20 ఏళ్ల లాంగ్ సర్వీస్ పతకాలు. వీటికి వాదన అక్కర్లేదు, భర్తీ, డిశ్చార్జి తేదీలే సాక్ష్యం. షీట్ రోల్‌లో ఎర్ర సిరా శిక్షలు (ఎర్ర సిరాతో నమోదు చేసే పెద్ద శిక్షలు) ఉంటే మాత్రం లాంగ్ సర్వీస్ దగ్గర ఆగిపోవచ్చు. అది తప్పు కాదు, నిబంధన.

యుద్ధాలకు సంబంధించినవి వేరు. అక్కడ మీరు ఎప్పుడు ఉన్నారనేదాని కంటే ఎక్కడ ఉన్నారనేది ముఖ్యం. 1971లో తూర్పు రంగంలో ఉన్నవారికి పూర్వీ స్టార్, పశ్చిమ రంగంలో ఉన్నవారికి పశ్చిమీ స్టార్. సంగ్రామ్ మెడల్ అంతకంటే చాలా ఎక్కువమందికి ఇచ్చారు. కార్గిల్ అప్పుడూ అంతే, ఆప్ (ఆపరేషన్) విజయ్ స్టార్ వేరు, ఆప్ విజయ్ మెడల్ వేరు. “1999లో నేను సర్వీసులో ఉన్నాను కాబట్టి స్టార్ నాదే” అని వచ్చిన మిత్రుణ్ని ఆ ఏడాది ఆయన యూనిట్ ఎక్కడుందని అడిగితే కాసేపు మాట్లాడలేదు.

మీరు నిజంగా ఆ ప్రాంతంలోనే ఉండి ఉంటే ఆనవాళ్లు ఉంటాయి. షీట్ రోల్‌లో పోస్టింగు పట్టిక, ఫీల్డ్ ఏరియా అలవెన్సు మంజూరైన పార్ట్ టూ ఆర్డర్, ఆ తేదీల్లో ఆ ప్రాంతంలోని సైనిక ఆసుపత్రిలో చేరిన కాగితం, ఏదైనా సరే. సాక్ష్యాలన్నిటిలోకీ డబ్బు కాగితం గట్టిది. ఒక ప్రాంతంలో లేనివాడికి ఆ ప్రాంతపు అలవెన్సు ఇవ్వరు కదా. అదే యూనిట్‌లో, అదే కంపెనీలో ఉండి పతకం పొందిన సహచరుడి డిశ్చార్జి బుక్ నకలు దొరికితే అదీ జతచేయండి. తాత్కాలికంగా వేరే యూనిట్‌కు అటాచ్‌మెంట్ మీద వెళ్లినవారి పేర్లే ఎక్కువగా జారిపోతాయి. సొంత యూనిట్ జాబితాలో ఉండరు, వెళ్లిన యూనిట్ వాళ్లు తమవాడనుకోరు. అలాంటివారు అటాచ్‌మెంట్ ఆర్డరు నకలు కోసం ముందు ప్రయత్నించాలి.

పోయిన పతకం బదులు ఇంకొకటి కావాలంటే పోలీసు ఫిర్యాదు నకలు, అఫిడవిట్ పెట్టి, ధర కట్టి అడగాలి.

సేనా మెడల్ వంటి శౌర్య పురస్కారాల సంగతి నిక్కచ్చిగా చెప్పడం మంచిది. అవి అర్హతతో వచ్చేవి కావు, సిఫారసుతో వచ్చేవి. ఆనాటి అధికారి సిఫారసు రాయలేదని ఇరవై ఏళ్ల తరువాత పతకం అడిగితే దొరకడం దాదాపు అసాధ్యం. దానికోసం లాయరు చేతిలో డబ్బు పెట్టవద్దు. అయితే పురస్కారం ప్రకటించి, మీ రికార్డులో ఎక్కించకపోతే అది వేరే మాట. శౌర్య పురస్కారాలు భారత గెజిట్‌లో వస్తాయి, ఎక్కువగా జనవరి 26న, ఆగస్టు 15న ప్రకటిస్తారు. గెజిట్ పేజీ దొరికితే ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు.

కదలనివి కొన్ని

సొంత పుట్టిన తేదీ భర్తీ రోజున రాసిందే ప్రమాణం. రిటైరయ్యాక దాన్ని మార్చమంటే ఒప్పుకోరు, కోర్టులూ సాయం చేయవు. ఎన్‌రోల్‌మెంట్ ఫారంలో ఒకటి, డిశ్చార్జి బుక్‌లో ఒకటి ఉంటే అది నకలు తప్పు కాబట్టి దిద్దుతారు. ర్యాంకు, గ్రూపు (ట్రేడును బట్టి జీతపు వర్గం) తప్పులు పింఛను మొత్తాన్నే మారుస్తాయి కనుక వాటిని అన్నిటికంటే ముందు చూసుకోండి.

జవాబు రాకపోతే

మూడు నెలలు ఆగి, స్పీడ్ పోస్టు రసీదు నకలుతో గుర్తుచేయండి. అప్పటికీ కదలకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టండి. పింఛనుతో ముడిపడినదైతే రక్షా పెన్షన్ సమాధాన్ ఆయోజన్ (మునుపు పెన్షన్ అదాలత్ అనేవారు) మీ దగ్గరలో ఎప్పుడు జరుగుతుందో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కనుక్కోండి.

కాదని రాతపూర్వకంగా జవాబిస్తే నిరాశపడకండి, ఆ కాగితమే మీకు తరువాతి తలుపు తాళంచెవి. 2007 చట్టం కింద ఏర్పడిన సాయుధ బలగాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచి. తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు వెళ్లాలి. అర్జీ పెట్టి ఆరు నెలలు గడిచినా జవాబే రాకపోతే, అక్కడి నుంచి మరో ఆరు నెలలు గడువుంటుంది. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, సైనికుల భార్యలకు ఈ సంగతి చెప్పేవారే తక్కువ.

ఆలస్యమైందని భయపడి ఊరుకోవద్దు. ప్రతి నెలా తక్కువ పింఛను రావడం ప్రతి నెలా జరుగుతున్న తప్పే. కానీ ఆలస్యానికి ధర ఉంది. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం బకాయిలు మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితమవుతాయి. అంతకు ముందువి పోయినట్టే.

సవరణ వచ్చాక

కొరిజెండమ్ చేతికి రాగానే పెట్టెలో పెట్టకండి. మొదట్లో గీసిన గడుల కాగితం మళ్లీ తీసి, ఒక్కో అక్షరం సరిచూడండి. స్పర్శ్‌లో, బ్యాంకులో, ఈసీహెచ్ఎస్‌లో అదే పేరు కనబడేదాకా చూస్తూ ఉండండి. నకలొకటి భార్యకు ఇవ్వండి. అది ఎక్కడ ఉందో మీరు కాదు, ఆమె చెప్పగలగాలి.

మా హవల్దారుకు సవరణ పత్రం పద్నాలుగు నెలలకు వచ్చింది. వెంకట లక్ష్మీకాంతం అని ఒక్క అక్షరం పోకుండా పడింది. ఆవిడే కళ్లజోడు పెట్టుకుని చదివి మురిసిపోయింది. తరువాత పైన ఉన్న ఆర్మీ నంబరు మీద వేలు పెట్టి, “ఇది ఆయనది కాదండీ” అంది. చివరి రెండంకెలు తారుమారయ్యాయి. ఆ సాయంత్రమే మళ్లీ ఉత్తరం రాశాం.